ఇరవై అయిదో ముంత

2011 సెప్టెంబర్ 19, సోమవారం

ఈ డైరీ జనవరిలో ఒక ఇన్సూరెన్స్ ఏజెంట్ ఇచ్చాడు. తొమ్మిది నెలలుగా మా ఇంట్లో బియ్యం డబ్బా మీద మూతగా పనిచేసింది. ఇవాళ తీశాను, ఎందుకంటే చేతిలో టికెట్ల మిషన్ లేదు.

సకల జనుల సమ్మెలోకి మేమూ దిగాం. పొద్దుటి నుంచి జనగామ డిపోలో ఒక్క బస్సు కదల్లేదు. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్‌లు, అందరం గేటు ముందు బైఠాయించాం. జై తెలంగాణ అని అరిచి అరిచి గొంతు పోయింది. పదకొండేళ్ళ సర్వీసులో డిపో ఇంత చప్పుడు లేకుండా ఉండటం ఎప్పుడూ చూడలేదు.

ఇంటికొస్తే భాగ్య మొహం మీదే అడిగింది, దినామంత ఇంట్లనే ఉంటే నిన్ను నేనెట్ల భరించాలె అని. పెళ్ళాం అబద్ధం చెప్పదు.

సెప్టెంబర్ 21

బాల్‌సింగ్ ఊడిపడ్డాడు. హన్మకొండ హాస్టల్లో మూడేళ్ళు నా రూమ్మేట్. వాళ్ళది మహబూబాబాద్ దగ్గర తండా. డిగ్రీ అయ్యాక నేను కండక్టర్ని అయ్యాను, వాడు గోవా వెళ్ళి సముద్రం పక్కన ఒక బార్‌లో బార్‌టెండర్ అయ్యాడు. సెలవు మీద తండాకు వచ్చి సమ్మెలో ఇరుక్కున్నాడట. వడ్ల లారీ ఎక్కి జనగామ దాకా వచ్చాడు. ఒంటి మీద చొక్కా నిండా చిలకలు, మందార పూలు. ఎవలింటి పరదా కోసి కుట్టించుకున్నవే అన్నా అని భాగ్య అడిగేసింది. వాడు నవ్వి, గిది టికి చొక్కా చెల్లే అన్నాడు.

ఆ తర్వాత రెండు గంటలు టికి గురించే. నాకు అర్థమైనంత రాస్తాను. పసిఫిక్ సముద్రంలో ఎక్కడో దీవులున్నాయి. అక్కడివాళ్ళు కట్టెలో, రాతిలో పెద్ద కళ్ళ ముఖాలు చెక్కుతారు. వాటిని చూసి ఎనభై ఏళ్ళ కింద అమెరికావాళ్ళు బార్లు తెరిచారు. తాటాకు కప్పు, చెక్క ముఖాలు, రమ్ములో పైనాపిల్ రసం, తాగడానికి ముఖం ఉన్న మట్టి మగ్గు. దాని పేరు టికి. కొన్నాళ్ళు ఊరూరా నడిచింది. తర్వాత మోజు పోయింది. బార్లు కూలగొట్టారు, మగ్గులు చెత్తలో పారేశారు. మళ్ళీ ఇరవై ఏళ్ళ కింద కొందరు పిచ్చివాళ్ళు పాత సామాన్ల అంగళ్ళు తిరిగి ఆ మగ్గుల్ని ఏరుకొచ్చి, కడిగి, అతికించి, అన్నీ మొదలుపెట్టారు. ఇప్పుడు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఏటా నవంబర్‌లో ఓ ముప్పై మంది బాల్‌సింగ్ పనిచేసే బార్‌లో కలుస్తారు.

అయిదేళ్ళు వీడు వాళ్ళకు గ్లాసులు అందించాడు. ఈసారి వచ్చి మాతో కూర్చో, నువ్వూ మా మెంబర్‌వి అన్నారట. ఒక్కటే రూలు. కొత్తగా చేరేవాడు తన ఊళ్ళో చేత్తో చేసిన వస్తువు తేవాలి. వీడు ఇరవై నాలుగు మగ్గులు తెస్తానని మాటిచ్చేశాడు. మా దోస్తు వాళ్ళ బాపు కుమ్మరి అని కూడా చెప్పాడట. నన్ను అడగలేదు!

మా బాపు సారె తిప్పక నాలుగేండ్లయింది రా అన్నాను. గందుకే గదరా వచ్చింది అన్నాడు.

సెప్టెంబర్ 22

నెట్ సెంటర్‌లో మూడు గంటలు. బాల్‌సింగ్ వాళ్ళ ఫోరం తెరిచి చూపించాడు. నేను నోరు మూయడం మర్చిపోయాను.

ఒక ఫోటోలో బయట మోకాళ్ళ లోతు మంచు. లోపల కారు షెడ్డులో తాటాకు కప్పు, వెదురు తడికెలు, ఎర్ర దీపం. కట్టింది ఒక పోస్ట్‌మన్, ఎనిమిదేళ్ళు ఆదివారాలన్నీ దానికే పెట్టాడట. రిటైరైన ఒక నర్సమ్మ దగ్గర ఆరువందల మగ్గులున్నాయి. ఏది ఏ బార్‌ది, ఎవరు పారేశారు, ఎక్కడ దొరికింది, అన్నీ రాసిపెట్టుకుంది. ఒకాయన తాటి మొద్దు మీద ముఖం చెక్కుతూ రోజూ ఫోటో పెట్టాడు. ముక్కు రావడానికి నెల. అది చూసి ఎక్కడెక్కడివాళ్ళో సంబరపడ్డారు. మగ్గు చెవి విరిగిందని ఒకాయన రాస్తే, ఎలా అతికించాలో నలభై మంది చెప్పారు.

ఇంత ప్రేమ ఎక్కడిది వీళ్ళకు? తాటాకుల కింద కూర్చుని మట్టిముంతతో తాగడం మా దేవరుప్పుల కల్లు మండువలో రోజూ ఉండేదే. మా వాళ్ళు సిగ్గుపడి ప్లాస్టిక్ సీసాలకు మారారు. వీళ్ళు దానికోసం జీతాలు ధారపోస్తున్నారు. నా బస్సులోనే ఒకాయన నేను ఎటువోవాలె సారూ అంటే పక్కవాడికి చూపించి నవ్వాడు. ఇవాళ అదే యాస మైకుల్లో మోగుతుంటే ఒళ్ళు పులకరిస్తోంది. పారేసినదాన్ని ఎత్తుకొచ్చి కడుక్కునేవాళ్ళు లోకంలో మేమొక్కళ్ళమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నాలుగు ఫోటోలు ప్రింట్ తీయించాను. బాపుకు చూపించాలి.

సెప్టెంబర్ 24, దేవరుప్పుల

డ్రైవర్ మల్లన్న బండి అడుక్కుని ఊరికి వచ్చాను.

మా బాపు ఎల్లస్వామి. అరవై ఆరేళ్ళు. చుట్టుపక్కల పది ఊళ్ళ గౌడ్‌లు ఈయన చేసిన లొట్టిలోనే కల్లు గీశారు. నాలుగేళ్ళ కింద ప్లాస్టిక్ వచ్చింది. ఒక బండెడు లొట్లు తీసుకుపోయినవి తీసుకుపోయినట్టే వెనక్కి వచ్చాయి. బాపు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. సారెను పీకి, కుడితి గోలెం పక్కన బోర్లా పడేశాడు. ఇప్పుడు దాని మీద కోళ్ళు పడుకుంటాయి. బాపు మంచం మీద పడుకుంటాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. నన్ను కన్న అవ్వ సమ్మక్క నాతో చాలాసార్లు అంది, మీ బాపు ఉన్నడు గని లేడు బిడ్డా అని.

దాచేదేముంది, డైరీలో కూడా దాస్తానా. బాల్‌సింగ్ మగ్గులు నాకు ముఖ్యం కాదు. ఆ వంకతో బాపు మళ్ళీ సారె ముందు కూర్చోవాలి. చేతులు పోకముందే. ఆయన తర్వాత ఆ పని తెలిసినవాడు ఇంట్లో లేడు. నేను పదో తరగతి దాకా మన్ను తొక్కి, ఆ తర్వాత పారిపోయాను.

ఫోటోలు ఇచ్చాను. ఒక్కోటి కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. నోట్లకెల్లి తాగుతరా, నెత్తిలకెల్లి తాగుతరా అని అడిగాడు. నెత్తిలకెల్లి అన్నాను. ఫోటోలు నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సెప్టెంబర్ 27, పెత్రమాస

పొద్దున అవ్వ పెద్దలకు విస్తరి పెట్టింది. అన్నం, పప్పు, గారెలు, పక్కన ముంతెడు కల్లు. సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు పూలకు పోయినవాళ్ళు ఇంకా రాలేదు.

బాపు తనంతట తానే అడిగాడు. గా ఫోటోల ఉన్నది ఎవల దేవుడు అని. తెలియదన్నాను. ఎవలో తెల్వకుంటనే చేస్తమని ఒప్పుకున్నవా, కండక్టర్ సారూ అన్నాడు. 

బాల్‌సింగ్‌కు ఫోన్ చేశాను. వాడు కొంచెం తటపటాయించి నిజం చెప్పాడు. అవి దేవుళ్ళూ అవును, ఆ దీవులవాళ్ళ తాతముత్తాతలూ అవును. ఈ విషయం మీద ఫోరంలో ఏటా పంచాయితీయే. నిరుడు ఆ దీవుల ఆవిడ ఒకామె రాసిందట, మీరు మా తాతల నెత్తిలో స్ట్రా పుల్లలు గుచ్చి పీల్చుకుంటున్నారు అని. కొందరికి కోపం వచ్చింది. కొందరు మగ్గులు దించి లోపల పెట్టేశారు. నాక్కూడ గప్పటిసంది మనసున పడ్తలేదురా అన్నాడు.

ఉన్నదున్నట్టు బాపుకు చెప్పాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. అయిపోయింది, ఇంక ముట్టుకోడు అనుకున్నాను. ఆయన అన్నం తినడం ముగించాడు. చెయ్యి కడుక్కుని, గా పిల్ల అన్నదాంట్ల తప్పేమున్నది అన్నాడు. ఒకల పెద్దలను మనం చేస్తే పాపం తాకుతది అన్నాడు.

తర్వాత పెద్దల విస్తరి వైపు చాలాసేపు చూసి, మనకు లేరా పెద్దలు అన్నాడు.

సెప్టెంబర్ 28

సారె మీది కోళ్ళను బాపు తరిమాడు.

సెప్టెంబర్ 29

చెరువు నుంచి మన్ను నేను తెచ్చాను. రాళ్ళు ఏరాను. పొద్దంతా తొక్కాను. నడుము ఇప్పుడు నా మాట వినడం లేదు.

సారె కడిగి నిలబెట్టాం. ముందు నువ్వు కూసో అన్నాడు. కూర్చున్నాను. ముద్ద మధ్యలో నిలిచింది, అంతే. వేలు పెట్టగానే ఒక పక్కకు ఒరిగి కూలింది. రెండోది కూడా. మూడోది ఎగిరి అవ్వ చీర మీద పడింది. మన్నంటే టికెట్టు కాదుర, పిసికితే రాదు అన్నాడు బాపు. లే, లే, సారెకు ఇజ్జత్ పోతున్నది అని నన్ను తోసేశాడు.

కూర్చున్నాడు. కర్రతో సారె తిప్పాడు. మంచం మీద చెంబు ఎత్తుతుంటే వణికే చేతులు అవి. మన్ను తాకగానే వణుకు పోయింది. నేను కళ్ళారా చూశాను. ముద్ద లేచింది, నోరు తెరిచింది, నడుము వచ్చింది.  చిన్నప్పుడు రోజూ చూసిందే. అప్పుడు అది ఆటకు పోనివ్వని పని. ఇవాళ మాత్రం గుండె నిండిపోయింది.

అవ్వ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో పెట్టుకుంది. ఏడుస్తున్నావా అంటే, చీరకు మన్నంటింది, గందుకు ఏడ్వనా అంది.

అక్టోబర్ 1

మొదటి ముఖం వచ్చింది. ఫోటో చూడలేదు ఆయన. కళ్ళు మూసుకుని ఆలోచించి, మన్ను అతికించి, బొటనవేలితో నొక్కాడు. బుగ్గలు లోపలికి, గదుమ ముందుకు, నోట్లో ఒకే పన్ను. అవ్వ చూడగానే అగో, చిలుకమ్మత్త అని చెంపలేసుకుంది. చిలుకమ్మ మా ఊరి మంత్రసాని. నన్ను ఈ లోకంలోకి లాగిన చెయ్యి ఆవిడదే. పోయి ఇరవై ఏళ్ళు. ఫోటో ఎక్కడా లేదు. బాపు బొటనవేలిలో ఉంది.

కళ్ళు మాత్రం చివర. ముఖం మొత్తం తడి గోనెపట్టా కింద పెట్టి, సగం ఆరాక, పొద్దున్నే ఏమీ తినకుండా కత్తి మొనతో కళ్ళు తెరుస్తాడు. ఎక్కువ తడుంటే రెప్ప జారుతుంది. ఎండితే కత్తి దిగదు, పగులుతుంది. తడిబట్ట కింద ఉన్నన్ని దినాలు మన్ను పానంతోనే ఉంటది, అది ఎదురుచూస్తది అన్నాడు.

నేను ఒక్కటి తెరుస్తానన్నాను. ఇంక నయం అన్నాడు.

అక్టోబర్ 3

బాల్‌సింగ్ వచ్చాడు. బాపు వాణ్ణి ఎగాదిగా చూసి, మీ తాత పేరేంది అని అడిగాడు. తావుర్యా అన్నాడు వాడు. బాపు చేతిలోని ముద్ద కింద పెట్టాడు. ఎడమ చెవి తెగి ఉంటది, గా తావుర్యానా అన్నాడు. ఎండాకాలం ఆవుల మంద తోలుకుని ఈ దిక్కు వచ్చేవాడట. నెయ్యి ఇచ్చి మా తాత దగ్గర కుండలు తీసుకుపోయేవాడట. బాపు అప్పుడు పిల్లవాడు, ఆయన భుజాల మీద ఎక్కి చెరువుకు పోయేవాడట.

బాల్‌సింగ్ పుట్టకముందే ఆయన పోయాడు. వీడు తాత ముఖం ఎరగడు.

మధ్యాహ్నానికి ముఖం లేచింది. తలపాగా, సగం చెవి, నవ్వుతో ఉబ్బిన బుగ్గలు. బాల్‌సింగ్ దాన్ని తాకకుండా చుట్టూ తిరిగి చూశాడు. ఇంత మాటకారి, వాళ్ళ తండా భాష గోర్‌బోలిలో ఏదో గొణిగి నేల మీద కూలబడ్డాడు. చిలకల చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఫోన్‌లో ఫోటో తీసుకుని రాత్రికల్లా తండాకు పోయి వాళ్ళమ్మ మోతీబాయికి చూపించాడట. ఆమె ఫోన్ తెర మీద కొంగు కప్పిందట, మామ ముందు కోడలు తల మీద కొంగు తీయకూడదు కదా. కాసేపు ఆగి, తన తలకు కప్పుకోవాల్సింది తెరకు కప్పానని తెలిసి నవ్విందట.

అక్టోబర్ 5

ఇరవై నాలుగు అయ్యాయి. బాపు ఇంకో ముద్ద తీసుకున్నాడు. లెక్క అయిపోయింది కదా బాపూ అన్నాను. నీ లెక్క అయింది, నీ పని నువ్వు చూసుకో అన్నాడు.

అక్టోబర్ 6, దసరా

నాలుగేళ్ళ తర్వాత సారెకు పసుపు కుంకుమ. బాపు తల స్నానం చేసి కొత్త పంచె కట్టాడు. జమ్మి తెచ్చి ముందు సారె మీద పెట్టి, తర్వాత నాకిచ్చాడు. కాళ్ళు మొక్కాను. పైకి లేవబుద్ధి కాలేదు.

అక్టోబర్ 9

వాన. ఇరవై నాలుగు ముఖాలూ మంచాల మీద, మేము ముగ్గురం నేల మీద.

అక్టోబర్ 15

నిన్న ముంతలను ఆములో పేర్చి కాల్చాం. ఇవాళ చల్లారాక విప్పాం. బాల్‌సింగ్ కూడా ఉన్నాడు. బూడిద తీస్తుంటే ఒక్కో ముఖం బయటికొచ్చింది. ఎర్రగా, వెచ్చగా, ఒక్క పగులు లేకుండా. ఊరివాళ్ళు చూడ్డానికి వచ్చి ఎవరి మనిషిని వాళ్ళు గుర్తుపట్టారు. అగో మా పెద్దనాయిన, అగో నీలి ముత్తవ్వ. మేమంతా బయట మురిసిపోతూ నిలబడ్డాం. ఇంట్లో ఏం జరుగుతోందో చూసినవాడు లేడు.

ఆములోంచి తీసిన మొదటి కుండకు పసుపు రాసి పోచమ్మకు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. మేము తీసినవి తీసినట్టు అవ్వ లోపలికి చేరవేసి, అదే పనికి కూర్చుంది. ఏ కుండ మొదటిదో తెలియలేదట. అన్నిటికీ కళ్ళున్నాయి, ఒకరికి రాసి ఒకరికి రాయకపోతే అలుగుతారనిపించిందట. ఇరవై నాలుగింటికీ పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, వేపమండ కట్టింది, దీపం ముట్టించింది.

నేను లోపలికి వెళ్ళి ఆగిపోయాను. గోడ పొడుగునా పచ్చటి ముఖాలు. అన్నీ నన్నే చూస్తున్నాయి. తెలియకుండానే చెప్పులు విడిచాను. బాల్‌సింగ్ నా వెనకే వచ్చి వాడూ విడిచాడు. 

బాపు వచ్చాడు. చూశాడు. ఇగ గివి ముంతలు గావు అన్నాడు. పసుపు పడ్డంక పెద్దలు, పెద్దలను గంపల వెట్టి తాగేటోళ్ళకు పంపుతమా అన్నాడు.

అయిపోయింది. అవ్వ చేతులు నలుపుకుంటూ నిలబడింది, నాకెట్ల యాదికుంటది బిడ్డా, కండ్లున్నదానికి పసుపు రాయకుంట ఎట్లుంటరు అంది. ఎవర్ని తిట్టాలి?

అక్టోబర్ 16

బాల్‌సింగ్ ఎదురు చెప్పలేదు. మీ బాపు అన్నది కరెక్టేరా, నేను ఉత్తచేతుల్తోనే పోత, ఈసారి కూడ గ్లాసులే అందిస్త అన్నాడు. నవ్వాడు కానీ ఆ నవ్వు చూడలేకపోయాను. తావుర్యా ముందు కాసేపు కూర్చుని పోయాడు.

బాపు మళ్ళీ మంచం ఎక్కాడు. నాకు అదే భయం.

అక్టోబర్ 17

డ్యూటీ. మా సమ్మె ఆగింది, బస్సులు కదిలాయి. జనగామ నుంచి సూర్యాపేట. జనం మెట్ల మీద కూడా వేలాడారు. టికెట్లు కొడుతూ ఒక్కొక్కరి ముఖం చూశాను. ఈ ముసలాయనకు ముక్కు ఎలా పెట్టాలి, ఆ అవ్వ కంటి కింద మడత ఎలా వస్తుంది అని. పదకొండేళ్ళుగా చూడకుండా ఎలా ఉన్నాను?

అక్టోబర్ 23, ఆదివారం

అవ్వ తేల్చేసింది! నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఊరికి పోయేసరికి ఇద్దరికీ గొడవ. అవ్వ వారం రోజులు తప్పు తనదే అని కుమిలింది. ఇవాళ ఎదురు తిరిగింది. పెద్దలని నువ్వే అంటివి, నీ నాయిన బతికున్ననాడు కల్లు ముంత ఇడిసిన రోజున్నదా అని నిలదీసింది. పెత్రమాసకు, దసరాకు కల్లు పెట్టకుంటె తంతరని నువ్వే అంటవు, గోవల పోస్తే వద్దంటరా అంది. మా మామ ఆలేరు దాటి పోలే, పోనీ, సముద్రం జూసి రానీ అంది. చిలుకమ్మత్త అయితే గంపెక్కి ముందే కూసుంటది అంది.

బాపు మొదట ఉరిమి చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు! దగ్గొచ్చేదాకా నవ్వాడు.

తర్వాత షరతులు చెప్పాడు, నేను రాసుకున్నాను. తాగేముందు సాక పోయాలె. అంటే మొదటి చుక్కలు నేలమీద పోసి, ముంత మీదున్న మనిషిని పేరు వెట్టి పిలువాలె. పిలిసినంకనే తాను తాగాలె. నెత్తిల పుల్లలు గుచ్చొద్దు. ఎవలో తెల్వకుంట ఒక్కడు కూడ తాగొద్దు.

బాల్‌సింగ్‌కు ఫోన్‌లో చదివి వినిపించాను.  హలో హలో అంటే, ఉన్న రా, ఏడుస్తున్న అన్నాడు.

అక్టోబర్ 30

భాగ్య తమ్ముడు కాటారం నుంచి రెండు వెదురు గంపలు తెచ్చాడు. వరిగడ్డి పరిచి సర్దాం. ఒక్కో ముంతలో ఒక్కో చీటీ. నేను తెలుగులో, బాల్‌సింగ్ ఇంగ్లిష్‌లో. చిలుకమ్మ, మంత్రసాని, మూడు వందల మందికి బొడ్డు కోసింది. లక్ష్మా, బావులు తవ్వినవాడు, నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పులు విప్పి నేల తొక్కి చెప్పేవాడు. తావుర్యా, ఆవులవాడు. ఇరవై నాలుగు రాసేసరికి చెయ్యి లాగింది. వీళ్ళ గురించి ఇంతకు ముందు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

నవంబర్ 2

మహబూబాబాద్ స్టేషన్. సికింద్రాబాద్ రైలు ఎక్కించాను. టీసీ గంపలో ఏముందని అడిగితే బాల్‌సింగ్ మా పెద్దమనుషులు సార్ అన్నాడు.

నవంబర్ 13

ఇవాళే వాళ్ళ కూడిక. డ్యూటీలో మూడుసార్లు తప్పు టికెట్ కొట్టాను.

నవంబర్ 19

నెట్ సెంటర్. బాల్‌సింగ్ వీడియో పెట్టాడు. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

సాయంత్రపు ఎండ. సముద్రం. ఇసుకలో ముప్పై మంది, చెప్పుల్లేకుండా. అందరి మీదా చిలకల చొక్కాలు. ఇరవై నాలుగు మంది చేతుల్లో మా ముంతలు. మా మట్టికి చల్లటి నీళ్ళు పోస్తే చెమట పడుతుంది కదా, ముఖాలన్నిటికీ చెమట పట్టింది. నుదుటి నుంచి గదుమ దాకా కారుతోంది. బతికున్న మనుషుల్లా ఉన్నారు. ఆరువందల మగ్గుల నర్సమ్మ ముందుకొచ్చింది. చీటీ చూసి, ముంత వంచి, ఇసుకలో పోసింది. చిలుకమ్మా అంది. చి, లు, క, మ్మా అని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, గట్టిగా. చెవుల్లో ఇంకా మోగుతోంది. తర్వాత ఒక్కొక్కరు. ఇరవై ఏళ్ళుగా, నలభై ఏళ్ళుగా నోట మెదలని పేర్లు. మా దేవరుప్పుల పేర్లు సముద్రం దగ్గర.

బాల్‌సింగ్ కుర్చీలో కూర్చున్నాడు. వేరేవాళ్ళు వాడికి పోశారు. వాడు చివర లేచి దాదా అని పిలిచాడు, తావుర్యా అని పిలిచాడు. అంతా అయ్యాక తాగారు. ఒక్క పుల్ల కూడా కనబడలేదు.

కింద చాలామంది రాశారు. ఆ దీవుల ఆవిడ ఒక్క మాటే రాసింది. వీళ్ళకు పేర్లున్నాయి, బాగుంది అని.

నెట్ సెంటరతను అన్నా, ఏడుస్తున్నవేంది, పరేషానీ ఏమన్న ఉన్నదా అని అడిగాడు. వీడియో ఫోన్‌లోకి ఎక్కించమన్నాను.

నవంబర్ 20, ఆదివారం, దేవరుప్పుల

వీడియో ఫోన్‌లోకి ఎక్కించుకుని వచ్చాను. బాపు కళ్ళకు సరిగా ఆనలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని విన్నాడు. ప్రతి పేరుకూ తల ఊపాడు. ఇరవై నాలుగు. మళ్ళీ పెట్టమన్నాడు, మళ్ళీ విన్నాడు.

తర్వాత నన్ను పెరట్లోకి పిలిచాడు. కుడితి గోలెంలో గోనెపట్టా మీద అవ్వ చెంబెడు నీళ్ళు చిలకరించడం వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను, మిగిలిన మన్ను అనుకున్నాను. గోనెపట్టా తీశాడు. లోపల పచ్చిముంత. ఇరవై అయిదోది.

వెడల్పు నుదురు, వంగిన ముక్కు, కింది పెదవి మీద గాటు. గడ్డం గీసుకుంటూ చేసుకున్న గాటు అది, నాకు తెలుసు. బాపు. తన ముఖం తనే చేసుకున్నాడు. కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట నున్నగా ఉంది.

 గిట్లెందుకు చేసినవ్ బాపూ అన్నాను. భయమైతున్నదా అన్నాడు. గిది నేనున్ననాడు కాల్చేది గాదు అన్నాడు. నేను పోయినంక కండ్లు నువ్వు తెరువాలె, అప్పటిదాంక ఎండనియ్యకు అన్నాడు. నాకు రాదు, పగలగొడతాను అన్నాను. గందుకే ప్రతి ఆదివారం రా, ఇంక చెయ్యని పెద్దలు శాన మంది ఉన్నరు, ఒక్కొక్కలను తెరుసుకుంట నేర్చుకో అన్నాడు. నేను తొందరపడుతలేను, నువ్వు నిమ్మలంగ నేర్చుకో అని నవ్వాడు.

సారె ముందు కూర్చోబెట్టాడు. మూడు ముద్దలు కూలాయి. నాలుగోది నిలిచింది.

నవంబర్ 27, ఆదివారం

ముంత మీది బట్ట తడిపాను. ఎండలేదు.